యవనుల మృతలోకము – అందలి రాణి

యమలోకమనగానే మనకు మహిషవాహనుడు, పాశము, చిత్రగుప్తుని చిట్టా, వైతరణీనది కన్నులకు గట్టును. ప్రాచీన యవనులకును, అనగా గ్రీకులకును, ఇట్టి లోకమొకటి కలదు. అచ్చటను నది కలదు, నావ కలదు, వాకిట కుక్క కలదు, తీర్పు చెప్పు పెద్దలు గలరు. ఈ పోలికలు చూచి, అంతయు నొకటే గదా యని పుట త్రిప్పివేయుట సులభము. కాని సోదరీమణులు గమనింపదగిన భేద మొకటి యందు గలదు. మన యముని యిల్లాలి పేరు మనలో నెందరికి తెలియును? యవనుల మృతలోకమున నన్ననో, రాజుకంటె రాణి పేరే యెక్కువగా వినబడును. ఆ రాణి తనంత తా నచ్చటికి పోయినది కాదు. తల్లికి తెలియకుండ కొనిపోబడిన పిల్ల. ఆమె కథ తెలియనిదే ఆ లోకము మనకు తెలియదు.

ముందుగా రాజునుగూర్చి రెండు మాటలు. క్రోనసు కుమారులు మువ్వురు, జ్యూసు, పొసైడాను, హేడీసు అనువారు, ప్రపంచమును చీట్లు వేసి పంచుకొనిరని హోమరు మహాకవి ఇలియడు కావ్యమున చెప్పెను. జ్యూసునకు ఆకాశము, పొసైడానునకు సముద్రము, హేడీసునకు భూగర్భమందలి చీకటియు వచ్చినవి. భూమియు, దేవతలుండు ఒలింపసు పర్వతమును ఉమ్మడి. అన్నదమ్ముల పంపకములలో ఎవరో యొకరికి చవుడునేల వచ్చుట లోకములో నున్నదే. హేడీసు ప్రాణములు తీయువాడు కాడు; ఆ పని థానటోసు అను వేరొక దేవతది. పాపులను హింసించుటయు నాతని ముచ్చట కాదు. వచ్చినవారిని మరల పోనీయకుండుటయే ఆతని వ్రతము. ఆతని పేరెత్తుటకు జనులు జంకి, పంటలును లోహములును భూమి లోపలినుండియే వచ్చును గావున, ధనవంతుడను నర్థమున ప్లూటోను అని పిలిచెడివారు. కాలక్రమమున హేడీసను పేరు రాజునుండి ఆతని రాజ్యమునకే సంక్రమించినది.

ఇక రాణి కథ. హోమరు పేర వ్యవహరింపబడు స్తోత్రములలో డిమీటరు స్తోత్రమను నొక దీర్ఘకావ్యము గలదు. అది క్రీస్తునకు పూర్వము ఏడవ, ఆరవ శతాబ్దుల నాటిది. ఎన్నో వందల సంవత్సరములు జనులకు కానరాక, 1777వ సంవత్సరమున మాస్కో నగరమున ఒకేయొక వ్రాతప్రతియందు బయటపడినది. ఆ ప్రతియు చెడిపోయియున్నచో, తల్లి దుఃఖమునుగూర్చి లోకమున వెలసిన గొప్ప కావ్యములలో నొకటి మనకు దక్కకయే పోయెడిది.

డిమీటరు ధాన్యదేవత. ఆమెకు పెర్సెఫొనీ యొక్కతయే కుమార్తె. ఒకనాడు ఆ పిల్ల చెలికత్తెలతో పచ్చికబయలున పూలు కోయుచుండెను. గులాబులు, కుంకుమపూలు, ఊదాపూలు కోసి కోసి, అన్నిటికంటె చక్కనిదగు నొక నార్సిససు పూవునకు రెండు చేతులు చాచినది. ఆ పూవు ఆమెను మభ్యపెట్టుటకే పుట్టింపబడినది. తత్‌క్షణమే నేల నోరు తెరచెను. హేడీసు బంగరు రథముపై వెలువడి ఆమెను ఎత్తికొనిపోయెను. పిల్ల కేకవేసినది. ఆ కేకను గుహలోనున్న హెకాటె దేవి విన్నది, సూర్యుడు చూచెను. కాని యెవ్వరు నడ్డుపడలేదు.

తల్లి చెవికి ఆ కేక యొక్క ప్రతిధ్వని మాత్రమే సోకినది. తలమీది ముసుగు చించివైచి, రెండు కాగడాలు వెలిగించుకొని, తొమ్మిది దినములు అన్నము నీళ్లు లేక, స్నానము లేక, భూమియంతయు గాలించినది. పదవనాడు హెకాటె తాను విన్నది చెప్పెను. ఇరువురును సూర్యునికడకు పోయిరి. సూర్యుడు జరిగినది చెప్పి, ఊరకుండక, యొక యోదార్పుమాట కూడ పలికెను: ఈ సంబంధము పిల్ల తండ్రి జ్యూసు కుదిర్చినదే యనియు, హేడీసు మూడవవంతు లోకమునకు రాజనియు, నీ తోబుట్టువే యనియు, అల్లుడుగా తగనివాడు కాడనియు! ఆ మాటలు విని డిమీటరు దుఃఖము తగ్గుటకు మారు కోపముగా మారెను. పిల్లనిచ్చునప్పుడు తల్లితో నొక్కమాట చెప్పవలెనను తలంపు దేవతలలో నొక్కనికైన రాలేదు.

ఆమె దేవలోకము విడిచి, ముదుసలి వేషమున ఎల్యూసిసు గ్రామము చేరి, ఊరిబావికడ చెట్టునీడను చతికిలబడినది. కంచుబిందెలతో నీళ్లకు వచ్చిన కన్నెలు నలుగురు ఆమెను చూచి జాలిపడి, తమ చిన్నతమ్ముని పెంచుటకు దాదిగా నింటికి తీసికొనిపోయిరి. ఆ యింటి యిల్లాలు మెటనైరా ఆమెకు మెత్తని యాసనము చూపెను, ఆమె కూర్చుండలేదు. ఇయాంబె యను దాసి యొక చిన్న పీట వేసి దానిపై గొఱ్ఱెతోలు పఱచినది; దానిమీద ముసుగు కప్పుకొని, మాట లేక, నవ్వు లేక, మెతుకు ముట్టక చాలసేపు కూర్చుండెను. చివరకు ఆ దాసియే ఏవేవో ఎకసక్కెము లాడి ఆమెను నవ్వించినది. అప్పుడు ద్రాక్షారసము వలదని, యవలపిండియు పుదీనా జాతి యాకును నీటిలో కలిపించుకొని త్రాగినది. మహారాణులు చేయలేనిది ఒక పనికత్తె చేసినది. దుఃఖపు టింటికి పోవు మనము మాటలకొరకు వెదకికొందుము గాని, ఆ పనికత్తెకు తెలిసిన విద్య మనలో కొందరికే యబ్బును.

ఆ యింటి పసివానికి చావు లేకుండ చేయవలెనని డిమీటరు వానికి పగలు అమృతము పూసి, రాత్రులు నిప్పులలో నుంచుచుండెను. తన పిల్ల మృతలోకమున నుండగా, ఒక్క పిల్లవానినైన ఆ లోకమునకు దక్కనీయకుండవలెనని ఆమె తలంచినట్లు నాకు తోచును. కాని మెటనైరా యొకరాత్రి చూచి గుండె బాదుకొని కేకవేసినది. కన్నతల్లి కేక వేయక యేమి చేయును? దేవి కోపించి, శిశువును నేలపై దింపి, నిజరూపము చూపి, తనకు గుడి కట్టుడని యాజ్ఞాపించి, ఆ గుడిలో నొంటరిగా కూర్చుండెను.

ఆ యేడు విత్తనము మొలవలేదు. ఎద్దులు వంకరనాగళ్లను వృథాగా నీడ్చినవి. మనుష్యులు నశించినచో దేవతలకు బలులు పెట్టువారుండరు. అప్పటికి గాని జ్యూసునకు ఆ తల్లి మొఱ వినబడలేదు. దూతలను పంపెను, దేవతల నొకరి వెంట నొకరిని కానుకలతో పంపెను. పిల్లను కంట చూచినగాని పైరు మొలవనీయనని యామె చెప్పెను. హెర్మీసు పాతాళమునకు దిగిపోయెను. హేడీసు చిఱునవ్వు నవ్వి, పోవచ్చుననెను. కాని రథమెక్కుటకు ముందు, ఎవ్వరును చూడకుండ, ఒక దానిమ్మగింజ యామెచేత తినిపించెను.

తల్లియు బిడ్డయు కౌగిలించుకొనిరి. కౌగిలి విడువకమునుపే తల్లి మనస్సు కలతపడి, అమ్మా, అక్కడ నేమైన తింటివా, అని యడిగెను. ఈ ప్రశ్న యడుగని తల్లి యే దేశమున నున్నది? కాని యిచ్చట నది ప్రాణాంతకమైన ప్రశ్న. మృతలోకపు టాహారము ముట్టినవా రచ్చటివారే యగుదురు. అందుచేత సంవత్సరమున మూడవభాగము పెర్సెఫొనీ చీకటిలో భర్తకడను, రెండుభాగములు తల్లికడను ఉండునట్లు ఒడంబడిక జరిగెను. తరువాతికాలపు రోమకవి ఒవిడు ఆ గింజలు ఏడనియు, ఏడాదిని సరిసగము చేసిరనియు చెప్పెను. ఏ లెక్క యైనను, ఆ తల్లికి పిల్ల పూర్తిగా తిరిగి రాలేదు, పూర్తిగా పోనులేదు.

ఇది దేవతల కథయే గాని, యవనుల యిండ్లలో జరుగుచుండిన కథయు నిదియే. ఏథెన్సు నగరమున పిల్లకు పదునాలుగు పదునైదేండ్ల ప్రాయమున తండ్రియు వరుడును మాటలాడుకొని వివాహము నిశ్చయించెడివారు. పిల్ల ఆ నిశ్చయమప్పు డక్కడ నుండవలసిన యగత్యము కూడ లేదు. పెండ్లికి ముందే చనిపోయిన కన్యలను హేడీసునకు వధువులైరని చెప్పుట వారి కలవాటు. పెండ్లిస్నానమునకు నీళ్లు తెచ్చు పొడవుమెడ కడవ యొకటి యుండెడిది. పెండ్లికాక పోయినవారి సమాధిపై అట్టి కడవను రాతితో చెక్కించి నిలుపెడివారు. 1972వ సంవత్సరమున ఏథెన్సు సమీపమున మెరెండా యను చోట త్రవ్వగా నొక కన్య ప్రతిమ దొరికినది. పేరు ఫ్రాసిక్లియా. క్రీస్తునకు పూర్వము సుమారు 550–540 సంవత్సరముల నాటిది. తలపై పూలకిరీటము, చేతిలో విచ్చని తామరమొగ్గ. పెండ్లికి బదులు దేవతలు తన కీ పేరిచ్చిరి గనుక తా నెల్లప్పుడును కన్యయనియే పిలువబడుదునని ఆమె చెప్పినట్లుగా పీఠముపై చెక్కియున్నది. కన్య యను నర్థము గల కోరె యను మాటయే పెర్సెఫొనీకి మారుపేరు. ఆ రాయి చెక్కించిన తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియనిది కాదు.

ఇక ఆ లోకపు స్వరూపము. అందు నదు లైదు. స్టిక్సు అనగా ద్వేషము. దేవతలు దానిమీద నొట్టు పెట్టుకొని తప్పినచో ఒక యేడు ఊపిరి లేక పడియుండి, తొమ్మిదేండ్లు తోడిదేవతల పంక్తికి దూరమగుదురని హెసియడు కవి వ్రాసెను. కొకైటసు ఏడ్పుల నది. పైరిఫ్లెగెథాను నిప్పుల నది. లీథె మరపు నది. అకెరాను దుఃఖనది. వీనిలో అకెరాను కల్పన మాత్రమే కాదు. గ్రీసు దేశపు వాయవ్యభాగమున నేటికిని ఆ పేరుతో పారుచున్నది. స్టిక్సు కూడ ఆర్కేడియా కొండలలోని యొక జలపాతమని చెప్పుదురు.

నదిని దాటించు పడవవాడు కేరాను. హోమరునకు వీని పేరు తెలియదు. క్రీస్తునకు పూర్వము సుమారు 500 ప్రాంతమునుండి వీడు కనబడుచున్నాడు. రేవుబాడుగకై శవము నోటిలో ఒక ఓబలు నాణెము నుంచెడివారు. ఓబలనగా డ్రాక్మాలో ఆరవవంతు. అరిస్టోఫనీసు తన కప్పల నాటకములో, క్రీ.పూ. 405లో, బాడుగ రెండు ఓబలులైనదని ఎగతాళి చేసెను! ఆవలియొడ్డున సెర్బెరసు అను కుక్క. హెసియడు దానికి ఏబది తలలు పెట్టగా, తరువాతివారు మూడింటితో తృప్తిపడిరి. అది వచ్చువారిని చూచి తోక యాడించును. పోవువారిని పట్టి తినును.

ఈ లోకమును హోమరు ఒడిస్సీ పదునొకండవ సర్గమున చూపించిన తీరు గుండెలు కలచివేయును. ట్రాయి యుద్ధము ముగించుకొని యింటిదారి తప్పిన ఒడిస్సియసు ప్రపంచపు టంచునకు పోయి, ఒక గుంట త్రవ్వి, తేనె కలిపిన పాలు, ద్రాక్షారసము, నీరు వరుసగా పోసి, యవలపిండి చల్లి, గొఱ్ఱెలను కోసి రక్తము పారించెను. ఆ రక్తము త్రాగినగాని మృతులకు మాట రాదు. గుంపులుగా నీడలు మూగినవి. వారిలో నొకరిని చూచి అతడు నివ్వెరపోయెను. ఆమె తన తల్లి ఆంటిక్లియా. అతడు ఇల్లు విడుచునప్పు డామె బ్రతికియుండెను. పోయినట్లు వార్తయే లేదు. ఐనను ప్రవక్తయగు టైరేసియసు త్రాగువరకు తల్లిని కూడ కత్తితో నావలకు నిలిపియుంచవలసి వచ్చెను. ఆమె కొడుకును గుర్తుపట్టక యెదుట మౌనముగా కూర్చుండెను.

తుదకు త్రాగి గుర్తుపట్టినది. అమ్మా, నీవెట్లు పోతివి, రోగము చేతనా, అని కొడుకడిగెను. రోగము కాదు, నాయనా, నీమీది బెంగయే నన్ను తినివేసినదని యామె చెప్పెను. తండ్రి సంగతియు చెప్పెను: ముసలివాడు చలికాలమున పనివారితోపాటు పొయ్యిప్రక్క బూడిదలో పండుకొనుచున్నాడు. అతడు మూడుమారులు తల్లిని కౌగిలించుకొనబోయెను. మూడుమారులును ఆమె నీడవలె, కలవలె చేతులనుండి జారిపోయెను. పెర్సెఫొనీ నన్ను మోసగించుటకు ఉత్తబొమ్మను పంపెనా యని యతడు విలపించెను. కాదు, చనిపోయినవారి తీరే యింత. ఎముకలను మాంసమును పట్టియుంచు నరములు చితిలో కాలిపోయిన పిదప ఆత్మ యిట్లు ఎగిరిపోవును, అని తల్లి చెప్పి, వెంటనే వెలుతురునకు పొమ్మనియు, ఇచ్చట చూచినవన్నియు తరువాత నీ భార్యకు చెప్పుటకు జ్ఞాపకముంచుకొమ్మనియు పంపివేసెను. చనిపోయిన పిదపకూడ ఆ యత్తగారు కోడలిని తలంచుకొనినది.

ఈ లోకమున సుఖము లేదు, దుఃఖమును నిండుగా లేదు, బ్రతుకు లేదు. పేదవానియింట కూలిపని చేసికొని బ్రతుకుటయే మృతులందరకు రాజగుటకంటె మేలని మహావీరుడగు అకిలీసు అచ్చటనే యొప్పుకొనెను. బూడిదరంగు ఆకులు, తెల్లవోయిన పూలు గల ఆస్ఫొడెలు మొక్కల మైదానమున ఆ నీడలు తిరుగుచుండును. పాపపుణ్యముల విచారణయు హోమరునందు స్వల్పమే. టాంటలసు వంటి కొందరు మాత్రము దేవతల కపచారము చేసి శిక్ష ననుభవింతురు. గడ్డము వరకు నీరున్నను వంగినంతనే యది ఇంకిపోవును. మైనాసు, రడమాంథసు, ఈయకసు అను మువ్వురు న్యాయాధిపతులు మృతులను మంచివారిని చెడ్డవారిని వేరుచేయుదురను మాటను ప్లేటో తత్త్వవేత్త తరువాత విస్తరించి చెప్పెను. సుఖస్థానమగు ఎలీసియము ఒకటి కలదు గాని, హోమరు దానిలోనికి పోవునని చెప్పిన మెనెలేయసునకు ఆ యర్హత యెట్లు వచ్చినదనుకొంటిరి? ఆతడు జ్యూసు కూతురగు హెలెను భర్త గావున! ఏ హెలెను లేచిపోవుటచే పదేండ్లు యుద్ధము జరిగెనో, ఆ హెలెను పుణ్యమాయని అతనికి స్వర్గము.

మృత్యుముఖమునుండి మరలి వచ్చినవారి కథలలో మనకు అల్సెస్టిసు కథ దగ్గరిది. యూరిపిడీసు దానిని నాటకముగా క్రీ.పూ. 438లో ప్రదర్శించెను. అడ్మీటసు రాజు చావవలసియుండగా, మరియొకరు బదులు చచ్చినచో బ్రతుకునని అపొలో దేవుడు వరము సంపాదించి యిచ్చెను. ముసలి తల్లిదండ్రు లొప్పుకొనలేదు, భార్య యొప్పుకొనెను. పిల్లలకు సవతితల్లిని తేవలదని మాత్రము కోరినది. ఎర్రాప్రగడ అరణ్యపర్వశేషమున తెనిగించిన సావిత్రి కథ చదివినవారికి పోలిక వెంటనే తోచును. కాని భేదము పెద్దది. సావిత్రి యముని వెంటనడచి, మాటలతో గెలిచి, భర్తను బ్రతికించుకొని తానును బ్రతికినది. అల్సెస్టిసు నోరెత్తక చనిపోయినది. ఆ యింటికి చుట్టమై వచ్చిన హెరాక్లీసు సమాధికడ మృత్యువుతో కుస్తీపట్టి ఆమెను తెచ్చి ముసుగుతో భర్తయెదుట నిలిపెను. మూడవదినము వరకు ఆమె మాటలాడరాదు. భార్యచావును స్వీకరించిన ఆ భర్త కామె యేమి చెప్పియుండునో నాటకకర్త మనకే విడిచెను. మరియొక పాఠములో కుస్తీయే లేదు. ఆమెను తిరిగి పంపినది పెర్సెఫొనీ. నాకు రెండవదే యింపుగా నున్నది. ఆర్ఫియసు వెనుదిరిగి చూచి భార్య యూరిడిసిని పోగొట్టుకొనిన కథ అందర కెఱిగినదే గనుక ఇచ్చట పెంచను.

కవులు చెప్పినది ఇట్లుండగా, చనిపోయినవారి పనులన్నియు నిండ్లలో స్త్రీలే చేసెడివారు. శవమునకు స్నానము చేయించుట, నూనె పూయుట, బట్ట కట్టుట, ఏడ్చుట వారి వంతు. ఆ యేడ్పు ఎంత బలమైనదో చట్టములే చెప్పును: క్రీ.పూ. ఆరవ శతాబ్ది మొదట సోలను అను ఏథెన్సు శాసనకర్త చెంపలు గీరుకొనరాదనియు, కట్టిన పాటలతో ఏడ్వరాదనియు స్త్రీలకు నిషేధము విధించెను. దగ్గర బంధువులు గాని, అరువదేండ్లు దాటినవారు గాని తప్ప ఇతర స్త్రీలు శవమున్న యింటికి పోగూడదు. తరువాత సమాధికి తట్టలలో పట్టీలు, నూనెబుడ్లు తీసికొనిపోయెడివారు. తెల్లని పూతవేసిన ఆ బుడ్ల మీదనే ఆ స్త్రీల చిత్రములును, కేరాను పడవయు గీయబడియున్నవి. మ్యూజియములలో వానిని పరీక్షించినవా రొక వింత కనిపెట్టిరి: కొన్ని బుడ్లకు లోపల మెడక్రింద చిన్న గిన్నె యొకటే యున్నది. కొంచెము నూనె పోసినచో బుడ్డి నిండినట్లు కనబడును. నూనె ప్రియమైనది, చనిపోయినవారికి తక్కువ చేయుటకు మనసొప్పదు, ఇంటిలో చూచిన నంతయే యున్నది. ఇట్టి కష్టము తెలిసిన కుమ్మరియే ఆ యుపాయము పన్నియుండవలెను.

పైగా హోమరు చూపిన యా మసక బ్రతుకుతో వారు తృప్తిపడలేదు. డిమీటరు కూర్చుండిన ఎల్యూసిసుననే వేయేండ్లకు పైగా ఆమె పేర రహస్యవ్రతము జరిగెను. ఏథెన్సునుండి సుమారు ఇరువది కిలోమీటర్లు ఊరేగింపుగా నడచిపోవలెను. గ్రీకుభాష తెలిసి, చేతులకు హత్యాదోషము లేనిచో స్త్రీలు, పురుషులు, బానిసలు గూడ అర్హులే. రహస్యము వెల్లడించినవారికి మరణశిక్ష. వ్రతము చేసినవారికి మృతలోకమున మేలు గలుగునని నమ్మకము. క్రీ.శ. 392లో థియొడోసియసు చక్రవర్తి పాతపూజలను నిషేధించువరకు అది సాగినది.

మరియొక మార్గమును గలదు. 1969లో దక్షిణ ఇటలీలోని హిప్పోనియను అను ప్రాచీన గ్రీకుపట్టణపు శ్మశానమున ఒక స్త్రీ యస్థిపంజరము రొమ్ముమీద మడిచిన సన్నని బంగరురేకు దొరికినది. క్రీ.పూ. సుమారు 400 నాటిది. దానిపై నామెకు దారి వ్రాసియున్నది. హేడీసు యింటి కుడిప్రక్కన తెల్లని దేవదారువంటి చెట్టుకడ ఒక యూట యుండును. దాహమైనను దాని దరికి పోవలదు. ఆవల జ్ఞాపకసరస్సునుండి చల్లనినీరు పారును. కావలివా రడిగినప్పుడు తాను భూమికిని, చుక్కల యాకాశమునకును బిడ్డననియు, దప్పికతో నాలుక యెండినదనియు చెప్పవలెను. అప్పుడు త్రాగనిత్తురు. అందరును త్రాగి మరచిపోవు లోకమున ఆ స్త్రీ మరవకుండవలెనని కోరుకొనినది. ఆ రేకుతో ఆమెను పంపినవారికిని ఆమె తమ్ము మరచునను భయ ముండియుండును.

ఏథెన్సులో వసంతారంభమున ఆంథెస్టీరియా యను మూడునాళ్ల పండుగలో మృతులు ఇండ్లకు వత్తురని నమ్మి, తలుపులకు తారు పూసి, కడపటినాడు కుండలలో నానావిధములైన గింజలు తేనెతో నుడికించి పాతాళపు హెర్మీసునకు నివేదించి, పిదప ఆత్మలను సాగనంపెడివారు. ఆ దేవతలు పోయిరి, క్రైస్తవమతము వచ్చినది. అయినను గ్రీసులో నేటికిని ఒకరు పోయిన నలుబదవనాడు ఆ యింటి స్త్రీలు గోధుమలు మెత్తగా నుడికించి, బట్టపై నారబెట్టి, బాదము, ఎండుద్రాక్ష కలిపి, పైన చక్కెర దట్టముగా పఱచి చర్చికి కొనిపోవుదురు. ప్రార్థన ముగిసిన వెనుక వచ్చినవారందరకు తలకొక గుప్పెడు పంచిపెట్టుదురు. దానిని కొలీవా యందురు. అందులో గోధుమతో పాటు దానిమ్మగింజలు కూడ వేయుదురు.